ఆ ఉత్తర్వు ఎక్కడుంది?

సంక్షోభం వచ్చినప్పుడు ప్రభుత్వానికి ఎంత అధికారం ఉండాలి, పౌరుడు తన హక్కులను ఎంతవరకు వదులుకోవాలి అని తరచూ అడుగుతుంటారు. ఆ ‘ఎంత’ దగ్గరే నాకు పేచీ ఉంది. 2020 ఉగాది రాత్రి రోడ్డు మీద గడిపినవాడిగా చెబుతున్నాను.

అప్పట్లో హైదరాబాదులో ఒక హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడి, కరోనా కారణంగా ఆ అర్ధరాత్రి నుంచే 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు. నాలుగు గంటల వ్యవధి. తెల్లవారితే ఉగాది. పచ్చడి సంగతి దేవుడెరుగు, వంటవాళ్లు రారు కాబట్టి గదులు ఖాళీ చేయమన్నాడు హాస్టల్ యజమాని. ఊరికి వెళ్లేవారికి పోలీసులు నిరభ్యంతర పత్రం ఇస్తున్నారని తెలిసి పరుగెత్తాం. గుంపులుగా చేరకూడదన్న రోజున, ఆ కాగితం కోసం ఠాణా ముందు వందల మందిమి ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డాం.

ముద్ర వేసిన కాగితం దొరికింది. నలుగురం ఒక మిత్రుడి కారులో బయలుదేరి చీకటిపడే వేళకు రాష్ట్ర సరిహద్దు చేరాం. బారికేడ్ల దగ్గర ఆపి, ‘ఈ కాగితం ఇక్కడ చెల్లదు’ అన్నారు. వెనక్కి పోదామంటే హాస్టల్‌కు తాళం. ఇటు పోలీసులు, అటు పోలీసులు, మధ్యలో వంద అడుగుల రోడ్డు. అదే మా మకాం.

‘మమ్మల్ని ఆపమన్న ఉత్తర్వు ఒకసారి చూపిస్తారా?’ అని ఒక కానిస్టేబుల్‌ను అడిగాను. ఆయన కోప్పడలేదు. ఫోను తీసి కాసేపు వెతికి, ‘నోటిమాటగా చెప్పారు బాబూ, కాగితమేదీ రాలేదు’ అన్నాడు. పాపం, ఆయనా పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పక్క ఊరివాళ్లు తెచ్చిన పులిహోర పొట్లం మాతోపాటే విప్పాడు. మర్నాడు పేర్లు రాసుకుని పద్నాలుగు రోజుల క్వారంటైన్‌కు పంపారు.

నన్ను ఆపడం తప్పా అంటే, తప్పనను. మా అమ్మకు షుగరు. నేను ఇంటికి ఏం మోసుకెళ్తున్నానో నాకే తెలియని రోజులవి. విడిగా ఉండమనడం న్యాయమే. నా గొడవంతా ఎవరు ఆపారు, ఏ చట్టం కింద ఆపారు, ఎప్పటివరకు ఆపుతారు అన్నది రాతలో లేకపోవడం గురించే. రాతలో ఉన్నదాన్ని తప్పు పట్టవచ్చు, కోర్టుకు తీసుకెళ్లవచ్చు. నోటిమాటను ఎక్కడికి తీసుకెళ్తాం?

చాలామంది 2020ని 1975 ఎమర్జెన్సీతో పోలుస్తారు. చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావు. 1975లో రాజ్యాంగం 352వ అధికరణం కింద ఎమర్జెన్సీ ప్రకటించారు. అక్రమంగా నిర్బంధించారని కోర్టుకు వెళ్లే హక్కు కూడా ఆ కాలంలో లేదని 1976లో సుప్రీంకోర్టు 4-1తో తేల్చింది. విభేదించిన ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. ఆ దెబ్బ తిన్నాకే 1978లో 44వ రాజ్యాంగ సవరణ తెచ్చి, ఎమర్జెన్సీలో సైతం 20, 21 అధికరణాల (నేరారోపణ ఎదుర్కొనేవారికి రక్షణ, ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ) అమలును నిలిపివేయకూడదన్నారు. 2020లో ఎమర్జెన్సీ ప్రకటనే లేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంతో, బొంబాయి ప్లేగు కాలంలో బ్రిటిష్‌వారు చేసిన 1897 నాటి అంటువ్యాధుల చట్టంతో నడిపించారు. అంటే ఆ రాత్రి నా హక్కులన్నీ చట్టప్రకారం భద్రంగానే ఉన్నాయి. బారికేడ్ దగ్గర వాటిని ఎవరి ముందు పెట్టాలో తెలియలేదు, అంతే.

రాత ఉంటే ఏమవుతుందో మరుసటి ఏడాది చూశాం. 2021 మేలో ఆంధ్రప్రదేశ్ నుంచి కొవిడ్ రోగులను తెస్తున్న అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపారు. తెలంగాణ హైకోర్టు నిలదీసింది. ఆ తర్వాత ప్రభుత్వం సర్క్యులర్ ఇచ్చింది: ముందుగా ఆసుపత్రిలో పడక ఖాయం కావాలి, కంట్రోల్ రూము అనుమతి ఉండాలి. మే 14న హైకోర్టు దానిపై స్టే ఇచ్చింది. పడకల కొరత నిజమే, ప్రభుత్వం భయం అర్థమవుతుంది. కానీ ఊపిరాడని మనిషిని హైవే మీద నిలబెట్టి అనుమతి నంబరు అడగడం పాలన అనిపించుకోదు.

మా నాన్న పింఛనుదారు కాబట్టి ఆయన ఇంకో కేసును పేపర్లో కత్తిరించి దాచుకున్నారు. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో ఇచ్చి జీతాల్లో, పింఛన్లలో కొంత భాగం వాయిదా వేసింది. ఒక మాజీ జిల్లా జడ్జి హైకోర్టుకు వెళ్లారు. ఆపిన సొమ్ము 12 శాతం వడ్డీతో చెల్లించమని హైకోర్టు అంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ చెల్లించక తప్పదంది. జీవోకు నంబరుంది, తేదీ ఉంది, కాబట్టే ఆ మాజీ జడ్జి దాన్ని పట్టుకోగలిగారు.

నేనూ ఆ ఏడాది చివర్లో సమాచార హక్కు చట్టం కింద, పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, ఉగాది రాత్రి మమ్మల్ని ఆపమన్న ఉత్తర్వు ప్రతి కావాలని దరఖాస్తు పెట్టాను. నెల దాటాక కవరొచ్చింది. అందులో ఉన్నది దేశమంతటికీ కలిపి కేంద్రం ఇచ్చిన లాక్‌డౌన్ మార్గదర్శకాల జిరాక్సు.