ఏప్రిల్‌లో యూటా రాతి ఎడారిలో టెంటు వేసుకుని ఐదు రోజులు: నీళ్లు, గాలి, వంట

డెన్వర్ నుంచి కారులో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్, క్యాపిటల్ రీఫ్ నేషనల్ పార్కులకి వెళ్తున్నారు. మీరు నలుగురు, ఒక టెంటు. ఏం సర్దుకోవాలని అడిగారు. చూసే చోట్ల సంగతి తర్వాత, ముందు నీళ్ల లెక్క తేల్చుకోండి.

తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు 4 లీటర్లు, అంటే నలుగురికి 16. గిన్నెలు కడగడం కలిపితే రెండు రోజులకు 40 లీటర్లు చూసుకోవాలి. ఒకే పెద్ద డబ్బా వద్దు, 10 లీటర్లవి నాలుగు కొనండి. ఒకటి పగిలినా మిగతావి ఉంటాయి, ఎత్తడమూ తేలిక. కాన్యన్‌ల్యాండ్స్‌లోని విల్లో ఫ్లాట్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంటు వేసుకునే చోట్లు 12 మాత్రమే, చుక్క నీరు దొరకదు. రిజర్వేషన్ లేదు, ముందొచ్చినవారికే చోటు, కాబట్టి పొద్దున్నే చేరాలి. ఆర్చెస్‌లోని డెవిల్స్ గార్డెన్ క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్లున్నాయి, స్నానాల గదులు లేవు. దాన్ని ఆర్నెల్ల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు. ఒళ్లంతా ఇసుకయ్యాక స్నానం కావాలంటే దారిలో గాబ్లిన్ వ్యాలీ స్టేట్ పార్కులో ఒక రాత్రి పెట్టుకోండి.

టెంటుతో వచ్చే మేకులు ఇక్కడ దండగ. పైన బెత్తెడు ఇసుక, కింద రాయి. కొడితే వంగిపోతాయి. గట్టి గుడ్డసంచులు నాలుగు తెచ్చుకోండి. టెంటు వేసే చోటి ఇసుకే నింపి, మూతి బిగించి, తాళ్లు వాటికి కట్టండి. వెళ్లేటప్పుడు ఇసుక అక్కడే పోసెయ్యాలి. మధ్యాహ్నం గాలి లేస్తే ఖాళీ టెంటు గాలిపటమే. బయటికెళ్లేటప్పుడు కడ్డీలు తీసి నేలమీద పడుకోబెట్టండి. జిప్పులో ఇసుక పడి బిగుసుకుంటే పొడి టూత్‌బ్రష్‌తో దులపండి. నూనె రాస్తే ఇసుక ఇంకా పట్టుకుంటుంది.

విల్లో ఫ్లాట్ దాదాపు 1800 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు 94 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు మామూలు గిన్నెలో మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. మూడు లీటర్ల కుక్కర్ తప్పనిసరి. పప్పు అరగంట నానబెట్టండి. 450 గ్రాముల ప్రొపేన్ సిలిండర్ రెండు పొయ్యిలూ పెద్దమంట మీద వెలిగిస్తే గంటకు కాస్త పైన వస్తుంది, అంతే. మొదటి రోజుకి ఇంటి నుంచే పులిహోర కట్టుకెళ్తే ఒక పూట గ్యాసూ నీళ్లూ మిగులుతాయి. కంచాలు ముందు కాగితంతో తుడిచి, తర్వాత కడగండి.

నల్లగా, బుడిపెలుగా కనిపించే మట్టి మీద పిల్లల్ని అడుగు పెట్టనివ్వకండి. అది సూక్ష్మజీవులు కట్టిన పెంకు, చితికితే మళ్లీ కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. రాతి మీదో, ఎండిన వాగు ఇసుకలోనో నడవాలి. కానీ ఆ వాగులో కారు ఆపొద్దు, పడుకోవద్దు. ఇక్కడ ఆకాశం నీలంగా ఉన్నా ఎగువన వాన పడితే వరద వచ్చిపడుతుంది.

ఆర్చెస్ దగ్గరి మోయాబ్ ఊరి నుంచి క్యాపిటల్ రీఫ్‌కి వెళ్తూ గ్రీన్ రివర్ ఊళ్లో ట్యాంకు నింపండి. క్యాపిటల్ రీఫ్‌కి వెళ్లే 24వ నంబరు రోడ్డు మలుపు దాటేసి ఐ-70 హైవే మీదే పోతే, గ్రీన్ రివర్ తర్వాత సెలైనా దాకా 100 మైళ్లకు పైగా పెట్రోలు దొరకదు.