డీడబ్ల్యూఐ కేసు: ‘ఒప్పేసుకుంటే పోతుంది’ అనే ముందు

ప్రశ్న: మా తమ్ముడు టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో హెచ్-1బీ మీద పనిచేస్తున్నాడు. తొమ్మిది రోజుల క్రితం పార్టీ నుంచి కారులో వస్తుంటే పోలీసులు ఆపారు. బ్రెత్ టెస్టులో 0.11 వచ్చింది. వెనక సీటు కింద టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) నూనె పీల్చే వేప్ పెన్ కూడా దొరికింది. అది ఫ్రెండ్‌ది, కొలరాడోలో కొన్నదట. తాగి నడిపినందుకు (డీడబ్ల్యూఐ) ఒకటి, ఆ పెన్‌కు ఒకటి, రెండు కేసులు పెట్టారు. బెయిల్ మీద బయటికొచ్చాడు. మొదటిసారే కదా, ఒప్పేసుకుంటే ప్రొబేషన్‌తో పోతుందని స్నేహితులు అంటున్నారు. డిసెంబరులో పెళ్లికి ఇండియా రావాలి. ఏం చేయమంటారు? – ఒక అక్క, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు లైసెన్సు సంగతి చూడండి. పరీక్షలో రక్తంలోని ఆల్కహాల్ 0.08 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే పోలీసులు అక్కడికక్కడే సస్పెన్షన్ నోటీసు ఇస్తారు. అది అందిన 15 రోజుల్లోగా హియరింగ్ కావాలని అడగాలి. అడగకపోతే లైసెన్సు దానంతటదే 90 రోజులు పోతుంది. ఇది క్రిమినల్ కోర్టుతో సంబంధం లేని వేరే వ్యవహారం కాబట్టి చాలామంది మర్చిపోతారు. మీవాడికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. ఆ హియరింగ్‌లో ఆపిన పోలీసును ప్రశ్నించే వీలు ఉంటుంది, అసలు కేసుకు అదీ పనికొస్తుంది.

స్నేహితుల సలహా ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికినవాళ్లు చాలామంది కోర్టులో ఫైన్ కట్టి అంతటితో మర్చిపోతారు. మన దగ్గర పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, టెక్సస్‌లో 80, అంటే పైన చెప్పిన 0.08. పరిమితి అక్కడే ఎక్కువ. కానీ దొరికాక పడే దెబ్బ వేరు. మొదటి డీడబ్ల్యూఐకి 72 గంటల నుంచి 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా, శిక్ష ఖరారైతే దానిపైన మరో 3,000. 0.15 చేరితే జైలు ఏడాది దాకా వెళ్తుంది. మీవాడు అంత దూరం పోలేదు, అదొక ఊరట.

0.11 వచ్చింది కదా, ఇంకేం వాదిస్తామని అనుకోకండి. ఆపడానికి సరైన కారణం ఉందా? మెషిన్‌లో ఊదించే ముందు 15 నిమిషాలు ఆఫీసర్ దగ్గరే ఉన్నాడా? పోలీసు కారు కెమెరాలో మీవాడి నడక, మాట ఎలా ఉన్నాయి? లాయర్ వీడియో తెప్పించుకుని చూడందే ఈ కేసులో బలమెంతో ఎవరూ చెప్పలేరు. ఆపడమే చట్టవిరుద్ధమని తేలితే ఆ తర్వాత దొరికిన సాక్ష్యం జ్యూరీ ముందుకు రాదు.

నాకు అసలు భయం వేప్ పెన్‌తోనే. టెక్సస్‌లో రెండు ఔన్సుల లోపు గంజాయి ఆకు దొరికితే చిన్న నేరం. అదే టీహెచ్‌సీ నూనె అయితే గ్రాము లోపున్నా ఫెలనీ (పెద్ద నేరం), 180 రోజుల నుంచి రెండేళ్లు. నూనెలో కలిపిన పదార్థాలన్నీ బరువులోకి వస్తాయి. గ్రాము నుంచి నాలుగు గ్రాముల లోపైతే రెండు నుంచి పదేళ్లు. కొలరాడోలో చట్టబద్ధమన్న మాట ఇక్కడ చెల్లదు, ఫెడరల్ చట్టం ముందు అసలే చెల్లదు. ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం ప్రకారమే.

అయితే వాదనకు చోటుంది. పెన్ కారులో ఉంటే చాలదు, అది ఉందని తెలిసే తన అధీనంలో ఉంచుకున్నాడని ప్రభుత్వమే రుజువు చేయాలి. 2019లో టెక్సస్ హెంప్‌ను (టీహెచ్‌సీ చాలా తక్కువగా ఉండే గంజాయి రకం) అనుమతించాక, నూనెలో డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం దాటిందో లేదో ల్యాబ్ తేల్చాల్సి వస్తోంది. ఈలోగా ఆ ఫ్రెండ్‌తో వాట్సాప్‌లో ‘అది నీదే కదా’ అని చర్చలు పెట్టొద్దని మీవాడికి చెప్పండి. పాత మెసేజ్‌లు తుడిచేయడం ఇంకా ప్రమాదం, అదే ఇంకో కేసు కావచ్చు.

ఇప్పుడు ‘ఒప్పేసుకోవడం’ గురించి. మొదటి డీడబ్ల్యూఐకి టెక్సస్‌లో 2019 నుంచి డిఫర్డ్ అడ్జుడికేషన్ దొరుకుతోంది. నేరం ఒప్పుకుని షరతులు పూర్తిచేస్తే శిక్ష పడినట్టు రాయరు. రాష్ట్ర కోర్టు రాయకపోయినా, ఒప్పుకోలుతో పాటు ఏదో ఒక షరతు ఉంటే ఇమిగ్రేషన్ దాన్ని శిక్షగానే లెక్కిస్తుంది. మామూలు డీడబ్ల్యూఐ ఒక్కటే అయితే సాధారణంగా దేశం నుంచి పంపేయరు. డ్రగ్ కేసులో అలా ఒప్పుకుంటే పంపేయడానికీ, మళ్లీ వీసా ఇవ్వకపోవడానికీ కారణం కావచ్చు. నేరం ఒప్పుకోకుండా చేరి, షరతులు పూర్తిచేస్తే కేసు ఎత్తేసే ప్రీట్రయల్ డైవర్షన్ ఆ కౌంటీలో ఉందేమో అడగండి. అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడీయా కేసులో చెప్పింది: బహిష్కరణ ముప్పు గురించి క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత. అయినా ఇమిగ్రేషన్ లాయర్‌ను విడిగా పెట్టుకోండి. ఆ ఫీజు దగ్గర పొదుపు వద్దు.

పెళ్లి ప్రయాణం విషయం. డీడబ్ల్యూఐ అరెస్టు మీదే, తీర్పు రాకముందే, కాన్సులేట్ వీసా స్టాంపును రద్దు చేయవచ్చు. ఈమెయిల్‌లో చెప్తారు. అలా చేసినా సాధారణంగా ఐ-94 (దేశంలో ఉండటానికి ఇచ్చిన అనుమతి పత్రం) గడువు వరకు మీవాడు అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చు. దేశం దాటితే మాత్రం తిరిగి వెళ్లడానికి కొత్త స్టాంపు కావాలి, దానికి మెడికల్ పరీక్ష కూడా అడగవచ్చు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అన్న ప్రశ్నకు కేసు కొట్టేసినా ‘అవును’ అనే రాయాలి, కోర్టు కాగితాలు ఇంటర్వ్యూకు తీసుకెళ్లాలి. బెయిల్ షరతుల్లో ప్రయాణానికి అనుమతి ఉందో లేదో కూడా చూడాలి. కేసులు తేలకుండా మీవాడు విమానం ఎక్కడం నాకు ఇష్టం లేదు. పెళ్లి మీవాడిదే అయితే ముహూర్తం వాయిదా వేయండి, వేరేవాళ్లదైతే వీడియో కాల్‌లో చూడమనండి.