పాస్‌వర్డ్ రీసెట్ లైవ్ పెట్టే ముందు ఇది చదువు

కన్నా,

కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్ మొత్తం నువ్వే చేస్తున్నావని మీ అమ్మ చెబితే ఎంత పొంగిపోయానో. నువ్వు పంపిన కోడ్ చూశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. పిల్లల మార్కులు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు ఉండే చోటు అది. పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే జాంగోలోనే పాస్‌వర్డ్ రీసెట్ కోడ్ సిద్ధంగా ఉండగా సొంతంగా రాయడం ఎందుకురా?

రాస్తానంటే, టోకెన్‌కి, అంటే రీసెట్ లింకులో ఉండే రహస్య కోడ్‌కి, పైథాన్ రాండమ్ మాడ్యూల్ వద్దు, సీక్రెట్స్ మాడ్యూల్ వాడు. డేటాబేస్‌లో దాని హ్యాష్ (తిరిగి టోకెన్‌గా మార్చలేని రూపం) మాత్రమే దాచు. గడువు గంట చాలు. ఫారంలో ఇచ్చిన మెయిల్‌తో ఖాతా ఉన్నా లేకపోయినా ఒకే జవాబు ఇవ్వు.

అసలు సంగతికొస్తా. లింక్ తెరవగానే టోకెన్ రద్దయ్యేలా రాశావు. నేను ఇదివరకు పనిచేసిన చోట కూడా ఇలాగే రాశారు. ఒక పెద్దాయన మాటిమాటికీ ఫోన్ చేసేవారు, "మెయిల్ వచ్చిన వెంటనే నొక్కానమ్మా, చెల్లదంటోంది" అని. పాత మెయిల్ నొక్కి ఉంటారులే అని మావాళ్లు కొట్టిపారేశారు, ఆయనకేమో పింఛను కాగితాలు ఆ ఖాతాలోనే ఉన్నాయి. చివరికి లాగ్ తీసి చూస్తే ఒకే టోకెన్‌కి రెండు రిక్వెస్టులు, మొదటిది ఆయనది కానే కాదు. లింకులో వైరస్ ఉందేమోనని ఆయన ఆఫీసు మెయిల్ స్కానర్ ముందే తెరిచి చూసేది, ఆయన నొక్కేసరికి టోకెన్ ఖర్చయిపోయేది. అందుకే గెట్‌కి (లింక్ తెరిచినప్పుడు వచ్చే రిక్వెస్టుకి) ఫారం మాత్రం చూపించు, కొత్త పాస్‌వర్డ్ పోస్ట్‌లో (ఫారం పంపినప్పుడు వచ్చే రిక్వెస్టులో) వచ్చాకే టోకెన్ రద్దు చెయ్యి. ఆయన గొంతు ఇప్పటికీ గుర్తొస్తుంది నాకు.

ఇంకోటి, ఇది తిట్టే చెబుతున్నా. సైట్ ఏ డొమైన్ పేర్లను ఒప్పుకోవాలో చెప్పే అలౌడ్ హోస్ట్స్ సెట్టింగ్‌లో స్టార్ (ఏ పేరైనా సరే అని) పెట్టి వదిలేశావేంట్రా! లింకులో డొమైన్‌ని రిక్వెస్ట్ నుంచే తీసుకుంటున్నావు. ఎవడో ఒక పిల్ల పేరుతో రీసెట్ అడిగి హోస్ట్ హెడర్‌లో (రిక్వెస్టులో సైట్ పేరు చెప్పే చోట) వాడి డొమైన్ పెడితే, మెయిల్ మీ దగ్గర నుంచే వెళ్తుంది, లింక్ మాత్రం వాడి సైట్‌కి పోతుంది. ఆ పిల్ల నొక్కిందంటే టోకెన్ వాడి చేతిలో ఉన్నట్టే. ఈ రాత్రే మార్చు.

మెయిల్ ఎప్పుడూ డేటాబేస్‌లో ఉన్న చిరునామాకే పంపు, ఫారంలో టైప్ చేసినదానికి కాదు. పెద్ద-చిన్న అక్షరాల మధ్య మార్చినప్పుడు ఒకటే అయిపోయే యూనికోడ్ (అన్ని భాషల లిపులకూ వాడే కోడ్) అక్షరాలతో ఇంకొకరి టోకెన్ కొట్టేసే వీలుందని 2019 డిసెంబరులో జాంగో వాళ్లే ఈ లోపాన్ని సరిచేశారు. పాస్‌వర్డ్ మారాక "మీ పాస్‌వర్డ్ మారింది" అని ఇంకో మెయిల్ పంపు, పాత లాగిన్ సెషన్లన్నీ మూసెయ్యి. ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే సెట్టింగులు) పెట్టకపోతే ఇవన్నీ స్పామ్‌లో పడొచ్చు.

బాగా రాస్తున్నావురా, నీ టెస్టులు చూసి ముచ్చటేసింది. ఆదివారం వీడియో కాల్ చెయ్యి, ఆ రీసెట్ ఫంక్షన్ ఇద్దరం కూర్చుని మార్చేద్దాం. అప్పటిదాకా లైవ్ పెట్టకు.

పిన్ని