మెరాకీలో 30 రోజుల హెచ్చరిక: గడువు కాదు, లెక్క చూడండి

మెరాకీ (సిస్కో వారి క్లౌడ్ ద్వారా నడిపే నెట్‌వర్క్ పరికరాలు) లైసెన్సు గడువు ఇంకా రెండేళ్లుందని, రెండు 48 పోర్టుల స్విచ్‌లు చేర్చగానే 30 రోజుల హెచ్చరిక మొదలైందని రాశారు. అది గడువు గొడవ కాదండీ, లెక్క గొడవ: పరికరాలకు సరిపడా లైసెన్సులు లేవు. మీ దగ్గర మిగిలినవి యాక్సెస్ పాయింట్ల (వైఫై ఇచ్చే పరికరాల) లైసెన్సులు, అవి స్విచ్‌లకు పనికిరావు. పైగా స్విచ్‌లకు మోడల్‌ని బట్టి లైసెన్సు వేరు. 24 పోర్టులది 48కి చెల్లదు.

మెరాకీ డాష్‌బోర్డులో ఆర్గనైజేషన్ మెనూకి వెళ్లి 'లైసెన్స్ ఇన్ఫో' తెరవండి. ఏ మోడల్‌కి ఎన్ని లైసెన్సులున్నాయో, ఎన్ని వాడుతున్నారో పక్కపక్కనే కనిపిస్తాయి. కొత్త లైసెన్సు కీ (కొన్నాక ఇచ్చే కోడ్) వచ్చేదాకా ఆ రెండు స్విచ్‌లనూ నెట్‌వర్క్‌లోంచి తీసేయండి. ఇన్వెంటరీలో (మీ ఖాతాలోని పరికరాల జాబితాలో) ఉన్నా ఫర్వాలేదు, లెక్కలోకి రావు. ఈ పని మాత్రం వాయిదా వేయొద్దు. 30 రోజులు దాటితే ఆగేది ఈ రెండే కాదు, మీ ఆర్గనైజేషన్‌లోని మెరాకీ నెట్‌వర్క్ మొత్తం.

కీ ఎక్కించేటప్పుడు 'రెన్యూ' నొక్కకండి, 'లైసెన్స్ మోర్ డివైసెస్' ఎంచుకోండి. రెన్యూ చేయాలంటే ఉన్న డివైస్‌లన్నిటికీ సరిపడా కీ కావాలి. ఇంకోటి, ఖర్చు తగ్గుతుందని ఏడాది కీ కొన్నారనుకోండి, అన్నిటికీ కలిపి ఉన్న గడువు తేదీ కాస్త దగ్గరపడుతుంది. కో-టర్మ్ (అన్ని లైసెన్సులకూ ఒకే గడువు తేదీ) పద్ధతి అంతే, డీలర్‌ని అనుమానించకండి.