లేఅవుట్‌లో లోపలికి వెళ్లి బయటికి వచ్చేసరికి స్కేలు ఎందుకు మారిపోతోంది?

మీ ఇబ్బంది నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ మోడల్‌లో గీశారు, ప్రింట్ కోసం లేఅవుట్‌లో షీటు సర్దుకున్నారు. చిన్న మార్పు కోసం లేఅవుట్‌లోనే డబుల్ క్లిక్ చేసి లోపలికి వెళ్లారు. పని అయ్యాక చూస్తే స్కేలు మారిపోయింది. ఒక్కోసారి టైటిల్ బ్లాక్ (షీటు మీద ప్రాజెక్ట్ పేరు, వివరాలు ఉండే పెట్టె) సెలెక్ట్ కూడా కావడం లేదు.

మోడల్, లేఅవుట్ అని రెండే చోట్లు ఉన్నాయనుకుంటే ఈ తిప్పలు తప్పవు. పని చేసేటప్పుడు మనం తిరిగేది మూడు చోట్ల. ఒకటి మోడల్ ట్యాబ్. రెండోది లేఅవుట్‌లోని కాగితం, అంటే పేపర్ స్పేస్. మూడోది ఆ కాగితం మీద ఉన్న వ్యూపోర్ట్, అంటే మోడల్‌ని చూపే కిటికీ గుండా మోడల్‌లోకి దిగడం. చూడ్డానికి లేఅవుట్‌లోనే ఉన్నట్టుంటుంది, చెయ్యి మాత్రం అసలు బొమ్మ మీద పడుతుంది. మీ తప్పులన్నీ ఈ మూడో చోటే జరుగుతున్నాయి.

ఎక్కడున్నామో తెలుసుకోవడానికి నేను మొదట చూసేది కర్సర్‌నే. వ్యూపోర్ట్ లోపల ఉంటే దాని అంచు లావుగా కనిపిస్తుంది, క్రాస్‌హెయిర్ ఆ పెట్టె దాటి రాదు. బయటికి జరిపితే మామూలు బాణం గుర్తుగా మారిపోతుంది. టైటిల్ బ్లాక్ పట్టుబడకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. కాగితం మీద ఉన్నప్పుడు మూలన యూసీఎస్ గుర్తు (అక్షాలు చూపేది) త్రికోణంలా ఉంటుంది. కింద స్టేటస్ బార్‌లో మోడల్ అనో పేపర్ అనో కూడా చూపిస్తుంది. డబుల్ క్లిక్ కంటే నాకు కమాండ్‌లే నచ్చుతాయి: ఎంఎస్ కొడితే లోపలికి, పీఎస్ కొడితే బయటికి. డబుల్ క్లిక్ పొరపాటున ఏ గీత మీదో పడితే ఇంకేదో తెరుచుకుంటుంది.

ఇక స్కేలు సంగతి. వ్యూపోర్ట్ లోపల ఉండి మౌస్ చక్రం ఒక్క గంటు తిప్పినా స్కేలు పోయినట్టే. పనిలో చేరిన కొత్తలో నాకు జరిగింది చెబుతాను. ఒక షీటులో నాలుగు డిటైల్స్ ఉన్నాయి, నాలుగింటి కిందా 1:20 అని రాసి ఉంది. ఒకదాంట్లో తలుపు ఫ్రేము సరిచూద్దామని దిగి, జూమ్ చేసి, మళ్లీ అటూ ఇటూగా యథాస్థానానికి తెచ్చాను. కంటికి తేడా తెలియలేదు. అది నిజానికి దాదాపు 1:23కి వచ్చింది. 900 మిల్లీమీటర్ల ఓపెనింగ్ కాగితం మీద 39 మిల్లీమీటర్లే పడింది. ఆ ఒక్క చోట నేను కొలత రాయలేదు. సైట్‌లో ఉన్నాయన స్కేలు పెట్టి కొలిచి 780 అనుకున్నాడు, ఫ్రేము అలాగే తయారైంది. ఆయన తప్పేమీ లేదు, షీటు మీద 1:20 అని నేనే రాశాను కదా. ఆ వారమంతా నాకు ఒకటే టెన్షన్.

అప్పటి నుంచి స్కేలు పెట్టిన మరుక్షణం వ్యూపోర్ట్ లాక్ చేస్తాను. కాగితం మీద ఉండి వ్యూపోర్ట్ అంచు పట్టుకుంటే స్టేటస్ బార్‌లో తాళం గుర్తు కనిపిస్తుంది. ప్రాపర్టీస్‌లో డిస్‌ప్లే లాక్డ్ దగ్గర యెస్ (Yes) పెట్టినా సరే. లాక్ అయ్యాక లోపల ఉండి చక్రం తిప్పితే షీటు మొత్తం దగ్గరికి వస్తుంది, వ్యూపోర్ట్ స్కేలు కదలదు. ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు: లాక్ కాపాడేది చూపునే, బొమ్మని కాదు. లోపల ఒక గోడ చెరిపేస్తే అది మోడల్‌లోనూ, ఆ గోడ కనిపించే ప్రతి షీటులోనూ పోతుంది.

ఇప్పటికే పోయిన స్కేలు తిరిగి రావాలంటే లాక్ తీసి, లోపలికి దిగి, జూమ్ కమాండ్ ఇచ్చి 1/20ఎక్స్‌పీ (1/20xp) అని కొట్టండి, ఎక్స్‌పీ అంటే కాగితంతో పోల్చిన స్కేలు. ఇది మిల్లీమీటర్లలో గీసిన బొమ్మకి. మీటర్లలో గీసి, కాగితం మిల్లీమీటర్లలో ఉంటే 1000ని స్కేలుతో భాగించాలి: 1:20కి 50ఎక్స్‌పీ, 1:100కి 10ఎక్స్‌పీ. బొమ్మ పక్కకి జరిగితే పాన్‌తో సర్దండి, పాన్ వల్ల స్కేలు మారదు. వెంటనే లాక్.

పెద్ద మార్పులుంటే వ్యూపోర్ట్‌లో కూర్చుని చేయకండి. కంట్రోల్‌తో పేజ్ అప్, పేజ్ డౌన్ నొక్కితే ట్యాబ్‌లు ఒక్కొక్కటిగా మారతాయి, అలా మోడల్‌కి వెళ్లిపోవచ్చు. దానికంటే నేను ఎక్కువగా వాడేది వీపీమ్యాక్స్ కమాండ్. ఆ వ్యూపోర్ట్ తెరంతా పరుచుకుంటుంది, ఎంత జూమ్ చేసుకున్నా ఫరవాలేదు, వీపీమిన్ కొట్టగానే పాత స్కేలుకే వచ్చి కూర్చుంటుంది. ఇందులో ఇంకో సుఖం ఉంది. ఆ వ్యూపోర్ట్‌లో ఫ్రీజ్ చేసిన (కనిపించకుండా ఆపిన) లేయర్లు, అంటే బొమ్మలోని పొరలు, అలాగే దాగి ఉంటాయి. మోడల్ ట్యాబ్‌కి వెళ్తే ఫర్నిచర్, కరెంటు, నీళ్ల పైపులు అన్నీ ఒకదాని మీద ఒకటి కనిపించి తల తిరుగుతుంది.

పెద్ద వ్యూపోర్ట్ మీద చిన్నది ఉండి క్లిక్ అందకపోతే, లోపలికి దిగాక కంట్రోల్ ఆర్ నొక్కుతూ పోండి, ఒకదాని తర్వాత ఒకటి యాక్టివ్ అవుతాయి. కింద ట్యాబ్‌లే మాయమైతే లేఅవుట్‌ట్యాబ్ అనే సెట్టింగ్ విలువ 1 చేయండి.

వ్యూపోర్ట్ అంచుల కోసం వేరే లేయర్ చేసి దాని ప్లాట్ ఆపేయండి. కొందరు డెఫ్‌పాయింట్స్ లేయర్‌లో పెడతారు, అదీ ప్రింట్ కాదు. కానీ డైమెన్షన్ పాయింట్లు ఉండే లేయర్‌లో వీటినీ కలపడం నాకు ఇష్టం లేదు.

పీఎస్ కొట్టి కాగితం మీదికి వచ్చాక కూడా టైటిల్ బ్లాక్ పట్టుబడకపోతే, మీరు దాన్ని మోడల్‌లోనే పెట్టి వ్యూపోర్ట్ గుండా చూస్తున్నారేమో గమనించండి. అలా అయితే మళ్లీ గీయక్కర్లేదు. లేఅవుట్‌లో ఉండి ఎంఎస్‌తో లోపలికి దిగి, సీహెచ్‌స్పేస్ కమాండ్ ఇచ్చి దాన్ని ఎంచుకోండి. వ్యూపోర్ట్ స్కేలుకి తగ్గట్టు సైజు మార్చి అదే కాగితం మీదికి తెచ్చేస్తుంది. తప్పు చోట రాసిన నోట్స్ కూడా నేను ఇలాగే బయటికి లాగుతాను.