గోధుమ లేని పాస్తా చేస్తానన్న చిట్టికి

చిట్టీ,

ఉద్యోగం మానేసి సజ్జలు, కొర్రలు, శనగలతో పాస్తా చేసి అమ్ముతానంటున్నావంటగా. మీ నాన్న ఫోన్లో కోపంగా చెప్పాడు. నాకు మాత్రం సంతోషం వేసింది. మన పొదిలి, కనిగిరి చేలల్లో పండేవాటితో నిలదొక్కుకోవాలని మనింటి పిల్ల అనుకోవడం నాకు గర్వమే. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను.

లైసెన్సు, ప్యాకింగ్ నువ్వే చూసుకోగలవు. పిండి సంగతి చెబుతా విను. గోధుమపిండిని పట్టి ఉంచేది గ్లూటెన్. సజ్జలో, శనగలో అది లేదు కాబట్టి పిండిలో కొంత ముందే ఆవిరితోనో మరిగే నీళ్లతోనో ఉడికించి కలపాలి. వడియాలకు మీ అమ్మమ్మ ఎసట్లో బియ్యప్పిండి పోసి కెలికేది ఇందుకే. మరీ ఉడికితే అచ్చుకు అంటుకుంటుంది, చాలకపోతే గిన్నెలో విడిపోతుంది. పాస్తా ఉడికాక నీళ్లు చూడు. చిక్కటి గంజిలా ఉంటే పిండి ఇంకా పట్టలేదన్నమాట. ఎండలో పడేసి ఆరబెట్టకు. పైన ఆరి లోపల తడి ఉండిపోతే సన్నటి పగుళ్లు వస్తాయి. అవి ఆ రోజు కనపడవు, ప్యాకెట్లో విరుగుతాయి.

బాగా పట్టుకోవాలని కర్రపెండలం పిండి ఎక్కువ కలపమంటారు. కొంచెం ఫర్వాలేదు. అదే ఎక్కువైతే బలం ఏముంటుంది? చిరుధాన్యాల్లో తక్కువుండే లైసిన్ అనే ప్రోటీన్ భాగం పప్పుల్లో ఉంటుంది, పప్పుల్లో తక్కువుండే మెథియోనిన్ అనే ఇంకో భాగం ధాన్యంలో ఉంటుంది. అందుకే రెండూ కలపాలి. సజ్జపిండి కొద్ది రోజులకే చేదెక్కుతుంది, దాన్లో నూనె ఎక్కువ. గింజల్ని అర నిమిషం మరిగే నీళ్లలో ముంచి, బాగా ఆరబెట్టి పట్టిస్తే ఎక్కువ రోజులు ఆగుతుంది.

ఇక నా భయం. నా ఆడపడుచు మనవడికి సీలియాక్ అని తేలింది, ఆ గ్లూటెన్ ఒంటికి పడని జబ్బు, గోధుమ ముట్టొద్దన్నారు. చపాతీలు, బిస్కెట్లు, ఉప్మా అన్నీ మాన్పించారు. టౌన్లో ఒకాయన గోధుమ కలవని జొన్నపిండి అంటూ అమ్మితే అదే తెచ్చి రొట్టెలు చేసి పెట్టారు. పిల్లాడి కడుపుబ్బరం తగ్గలేదు, విరేచనాలు ఆగలేదు, ఒళ్లు రాలేదు. తల్లే చాటుగా బిస్కెట్లు పెడుతోందని ఇంట్లోవాళ్లు అనుమానించారు. నలుగురి ముందు ఆ తల్లిని నానా మాటలూ అన్నారు. ఒక్కత్తే వంటింట్లో కూర్చుని ఏడవడం నేను చూశాను.

నేను వెళ్లి ఆ కొట్టు వెనక చూస్తే ఒకటే మర. గోధుమలు పట్టి, దులపను కూడా దులపకుండా దాంట్లోనే జొన్నలు పోస్తున్నాడు. మర నడిపినదాన్ని, నాకు తెలియదా? ఒకళ్ల పిండి అయ్యాక ఇంకొకళ్లది పోస్తే ముందు వచ్చేది మొదటివాళ్ల పిండే. రాళ్ల మధ్య, గుడ్డ గొట్టం మడతల్లో ఉండిపోతుంది. కారం పట్టిన మరలో బియ్యం పోస్తే పిండి ఎర్రగా వస్తుంది, అందరూ కేకలేస్తారు. జొన్నపిండిలో గోధుమపిండి ఎవరికి కనపడుతుంది? తర్వాత ఇంట్లోనే తిరగలి పెట్టి విసురుకున్నారు. నెలలు గడిచేకొద్దీ పిల్లాడు తేరుకున్నాడు. ఆ తల్లిని అన్న మాటలకు మాత్రం ఇంతవరకూ ఎవరూ తప్పయిందని అనలేదు.

కిలోకు 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ దాటితే ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయకూడదు. చిటికెడు గోధుమపిండి పడ్డా దాటిపోతుంది. మన చేలల్లో గోధుమ లేకపోయినా గోనెల్లో, లారీల్లో, మరల్లో ఉంటుంది. అందుకని కొత్త గోనెలే వాడు. గింజలు నీ కళ్లతో ఏరించు. మసాలా ప్యాకెట్ కూడా పెడతావేమో, బజారు ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు, చూసుకో. పనివాళ్ల చపాతీ డబ్బాలు ఆ గదిలోకి రానివ్వకు. ప్రతి బ్యాచ్ ల్యాబ్‌కు పంపు. ఖర్చని ఊరుకుంటే నేను ఊరుకోను.

పెద్దమ్మ మర ఖాళీగానే ఉందిగా, అదిస్తుందిలే అన్నాడట మీ నాన్న. ఇవ్వను. ఏళ్ల తరబడి గోధుమలు పట్టిన మర అది, ఎంత కడిగినా నీ పనికి పనికిరాదు. కొత్తదే కొందాం. డబ్బు తక్కువైతే నన్నడుగు. ఉద్యోగానికి రాజీనామా మాత్రం ఇప్పుడే ఇవ్వకు, ముందు ఒక వారం సెలవు పెట్టి పొదిలి రా.

మీ పెద్దమ్మ