గీయడానికి ముందు తూచండి: పోటీకి వెళ్తున్న మేనల్లుడికి ఉత్తరం

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పర్యావరణానికి హాని తగ్గించే తయారీ పద్ధతులపై జరిగే ఇంజనీరింగ్ విద్యార్థుల పోటీకి మీ జట్టు పలాసలో పొట్టు తీసే ముందు జీడిపప్పును ఆరబెట్టే డ్రయ్యర్‌ను ఎంచుకున్నదని అమ్మ చెప్పింది. నువ్వు పంపిన డ్రాయింగులు కూడా చూశాను. ఎంపిక మంచిదే. అయితే వాటిలో పైకప్పు మీద సోలార్ పలకలు, లోపల సెన్సర్లు, ఫోనులో కనిపించే గ్రాఫులు అన్నీ ఉన్నాయి గాని, ఇప్పుడు నడుస్తున్న డ్రయ్యర్‌కు ఎంత ఇంధనం ఖర్చవుతున్నదో ఎక్కడా లేదు. ఆ అంకె లేకుండా మీరు ఎంత ఆదా చూపించినా న్యాయనిర్ణేతలు నమ్మవలసిన పని లేదు.

పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలను 80 కిలోల బస్తాల లెక్కన కొంటారు, అమ్ముతారు. మీ నివేదిక అంతటికీ ఆ బస్తానే ప్రమాణంగా పెట్టుకోండి. రోజు లెక్కన రాస్తే పని ఎక్కువున్న రోజూ తక్కువున్న రోజూ కలిసిపోయి ఏదీ తేలదు. బస్తాకు ఎంత పప్పు, ఎంత తొక్క (పిక్క పైనున్న గట్టి పెంకు), ఎంత పొట్టు (పప్పును అంటుకున్న పలుచని పొర) వచ్చిందో, ఎన్ని యూనిట్ల కరెంటు, ఎన్ని కిలోల ఇంధనం ఖర్చయిందో కాటా దగ్గర నిలబడి రాసుకోండి. లోపలికి వెళ్లిన బరువుకూ బయటికి వచ్చిన బరువుకూ పొంతన కుదరకపోతే, కుదిరేదాకా వెతకండి.

ఆ తరువాత ఈ పనికి కనీసం ఎంత వేడి కావాలో లెక్క కట్టండి. 100 కిలోల పప్పులో తేమ 9 శాతం నుంచి 4 శాతానికి దిగాలనుకుందాం. తేమ కాని 91 కిలోలు మారవు కనుక చివరి బరువు సుమారు 94.8 కిలోలు, పోవలసిన నీరు 5.2 కిలోలు. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,260 కిలోజౌళ్లు పడుతుంది కాబట్టి మొత్తం 12 మెగాజౌళ్లకు లోపే, అంటే కరెంటు లెక్కలో మూడు యూనిట్ల పైచిలుకు మాత్రమే. పప్పును, ట్రేలను వేడెక్కించడానికి మరికొంత కలుపుకోండి. మీరు తూచిన ఇంధనంలోని వేడి దీనికి ఎన్ని రెట్లున్నదో చూస్తే, మిగిలినది పొగగొట్టంలోంచి పోతున్నదా, గోడల గుండా పోతున్నదా, తలుపు తెరిచిన ప్రతిసారీ పోతున్నదా అన్న ప్రశ్న వస్తుంది. నా దృష్టిలో మీ ప్రాజెక్టు అదే. గోడలకు ఇన్సులేషన్ వేయడం, బయటికి వెళ్లే గాలి ఇంకా తేమ పట్టగలిగే స్థితిలో ఉంటే దానిలో కొంత వెనక్కి తిప్పడం చూడటానికి ఆకర్షణీయంగా ఉండవు గాని, సోలార్ పలకల కంటే ముందు పరిశీలించవలసినవి అవే.

తొక్కను ఉచిత ఇంధనమని రాయకండి. దానిలోని జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది, తొక్కను అలాగే మండిస్తే ఘాటైన పొగ వస్తుంది. అదే నూనెను తీస్తే రెసిన్ల తయారీకి, బ్రేకు లైనింగులకు పనికివస్తుంది. నూనె తీసిన పిప్పిని కాల్చడమా, తొక్కను నేరుగా కాల్చడమా అన్నది రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించండి. కరెంటు హీటరు పెడితే శుభ్రమైపోతుందనీ అనుకోవద్దు, మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.

మరొకటి, మీ డ్రాయింగులలో అసలు కనిపించనిది, పప్పు విరగడం. అతిగా ఆరిన పప్పు పెళుసై పొట్టు తీసేటప్పుడు ముక్కలవుతుంది, ముక్కకు గుండు పప్పు, అంటే విరగని పప్పు, ధర రాదు. ఇంధనం మిగిల్చి పప్పు విరిచే యంత్రాన్ని ఏ యజమానీ కొనడు. అందుచేత ప్రతి విడతలోనూ గుండు ఎంత, ముక్క ఎంత అని విడివిడిగా తూచండి. పొట్టు తీసే ఆడవాళ్లను అడగండి, ఏ ట్రే పప్పు ఎక్కువగా విరుగుతున్నదో మీ సెన్సరు కంటే ముందు వాళ్లు చెప్పగలరు.

నిర్మాణం గురించి ఎక్కువ చెప్పను. పప్పు తగిలే చోట స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి, వెల్డింగుకు బదులు వీలైనచోటల్లా బోల్టులు పెట్టండి, బేరింగులు, ఫ్యాన్ మోటారు పలాస దుకాణాలలో దొరికే సైజులే ఎంచుకోండి.

యజమాని అనుమతి ముందుగా తీసుకొని వెళ్లండి. తూకాలు రాసిన కాగితం నాకు మొదట పంపు, డ్రాయింగులు ఆ తరువాత మార్చుకుందాం.

మీ మామయ్య